జేబు గడియారం - ఎవరి తారీఖు?

ముస్లిం ఇంట్లో పాత వస్తువు ఏది కనబడినా చూసినవాళ్ల నోట ఒకటే మాట వస్తుంది: "మీ తాతలు నవాబులా?" ఇత్తడి ఉగాల్‌దాన్ కనబడినా అదే మాట. సొట్టలు పడిన పాన్‌దాన్ కనబడినా అదే మాట. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సైకిళ్లకు పంక్చర్లు వేసేవాళ్లు, తోపుడుబండి మీద పండ్లమ్మేవాళ్లు, దూది ఏకేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు, దర్గాల దగ్గర ముజావర్లు, ఇల్లిల్లూ తిరిగే ఫకీర్లు - వీళ్లంతా ఏదో ఒక నవాబు సంతానమేనని నమ్మే చదువుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ ఆ మాటకు రెండు వైపులా పదునే. మీరు ఏలినవాళ్లు, కాబట్టి ఇప్పుడు పడండి అనేది ఒక వైపు. మీకు అంతా ఉండేది, మీరే తిని కూర్చుని పోగొట్టుకున్నారు అనేది రెండో వైపు. ఏ వైపు నుంచి చూసినా మన చెమట లెక్కకు రాదు.

మా ఇంట్లో అలాంటి పాత వస్తువు ఒకటుంది. మా దాదా జేబు గడియారం. దాదా పోయాక అబ్బా దగ్గరికొచ్చింది. అబ్బా పోయాక మా నలుగురి చేతుల్లో పడింది. ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లం. దాన్ని ఏం చేయాలనే దగ్గర మాకు మాట కలవలేదు. అమ్ముదామని ఒకరు, పెద్దోడి ఇంట్లో ఉంచుదామని ఒకరు, మ్యూజియానికిద్దామని ఒకరు, మసీదుకిద్దామని ఒకరు. వస్తువు చిన్నదే. కానీ అది ఎట్లా వచ్చిందో, ఎట్లా మిగిలిందో, అసలు ఎవరిదో తేల్చుకోకుండా దాన్ని ఏం చేయాలో తేలదని మెల్లమెల్లగా అర్థమైంది. ఆ తేల్చుకోవడమే ఈ వ్యాసం. మా ఒక్క ఇంటి సంగతే అయితే రాసేవాళ్లం కాదు. ఈ రెండు జిల్లాల్లో మాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి.

ముందు గడియారం సంగతి. స్విట్జర్లాండులో తయారై మన దేశంలో అమ్ముడుపోయిన వెస్ట్ ఎండ్ కంపెనీది. బంగారం కాదు, వెండి కాదు, నికెల్ డబ్బా. ఆరు అంకె దగ్గర సెకన్ల ముల్లుకు వేరే చిన్న పళ్లెం. రోజూ పైన ముడి తిప్పి చావి ఇవ్వాలి. ఇలాంటివి నవాబుల జేబుల్లో ఉండవు. రైలు గార్డుల దగ్గర, స్టేషన్ మాస్టర్ల దగ్గర, బడిపంతుళ్ల దగ్గర, కచేరీ గుమాస్తాల దగ్గర ఉండేవి.

హైదరాబాద్ రాజ్యంలో మామూలు మనిషికి గడియారం అవసరం తెచ్చింది దర్బారు కాదు. రైలు, కచేరీ తెచ్చాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి భువనగిరి, ఆలేరు, జనగామల మీదుగా వరంగల్లు దాటి బెజవాడ దాకా పోయింది. 1916లో కాచిగూడ స్టేషన్ కట్టారు. అక్కడినుంచి మీటర్‌గేజ్ బండి మహబూబ్‌నగర్ మీదుగా కృష్ణ వైపు నడిచింది. 1932లో 27 బస్సులతో నిజాం రైల్వేవాళ్లే రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టారు. పొద్దు చూసి నడిచిన జనానికి నిమిషాల లెక్క అట్లా వచ్చింది. ఇవాళ నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ క్లాక్ టవర్ చౌరస్తాయే సభలకూ ధర్నాలకూ జాగా అయిందంటే, ఆ లెక్క ఊరి నడిమధ్యకు వచ్చి కూర్చుందన్నమాట.

మా దాదా నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా కచేరీలో అహల్‌కార్. అంటే గుమాస్తా. జమాబందీ లెక్కలు ఉర్దూలో నఖలు రాయడం ఆయన పని. గడియారం ఆయనకు ఎవరూ ఇనామివ్వలేదు. జీతంలోంచి నెలనెలా కట్టి కొన్నాడని దాదీ చెప్పేది. కచేరీకి ఆలస్యమైతే జీతం కోత. ఆ కోత భయంతో కొన్న గడియారం అది. నవాబుకు ఆలస్యమైతే కోసేవాడెవడు?

ఇక ఏలినవాళ్ల సంగతి. రాజు ముస్లిం. పెద్ద ఉద్యోగాల్లో, జాగీర్లలో ముస్లిం ఉమ్రావుల వాటా పెద్దది. ఇందులో దాచేదేమీ లేదు. కానీ 1941 జనాభా లెక్కల నాటికి రాజ్యంలో ముస్లింలు సుమారు నూటికి 13 మంది. ఆ పదమూడు మందిలో ఉమ్రావులెందరు, అహల్‌కార్లెందరు, చప్రాసీలెందరు, జట్కాబండి తోలినవాళ్లెందరు? ఊళ్ల మీద పెత్తనం ఎవరిది? నల్లగొండ జిల్లాలో దేశ్‌ముఖులది. పాలమూరులో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలది. సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు. ఆ గడీల ముందు దూదేకుల సాయిబూ, మాదిగా, చాకలీ ఒకే తీరు చెప్పులు చేతపట్టుకుని నడిచారు.

జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. అక్కడి కామారెడ్డిగూడెం షేక్ బందగీ కథ కూడా వారసత్వం కథే. ఇంటివాళ్ల మధ్య పుట్టిన భూమి తగాదాలో విసునూరు దొర చేయి పెట్టాడు. బందగీ కోర్టులకు తిరిగి కొట్లాడాడు. 1940లో దొర మనుషులు ఆయన్ను నరికి చంపారు. 'మా భూమి' నాటకానికి ఆ కథే ఆధారం. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తలుచుకునేవాళ్లెవరూ బందగీ పేరు వదలరు. కానీ "నిజాం కాలంలో ముస్లింలు" అని మాట మొదలుపెట్టగానే బందగీ మాయమైపోతాడు, నవాబు ప్రత్యక్షమవుతాడు. ఈ మాయ ఎవరు చేస్తున్నారు?

బయటివాళ్లే కాదు, లోపలివాళ్లూ చేశారు. 1927లో పుట్టిన ఇత్తెహాదుల్ ముస్లిమీన్ "అనల్ మలిక్" అనే నినాదం ఎత్తుకుంది. ప్రతి ముస్లిమూ రాజే అని. పూట గడవని జట్కావాలాను కూడా నువ్వు రాజువన్నారు. రాజరికంలో వాటా ఇవ్వలేదు, రాజునన్న భ్రమలో వాటా ఇచ్చారు. 1948లో ఆ భ్రమకు బాకీ కట్టింది కూడా జట్కావాలానే. నవాబులు కట్టలేదు.

గడియారం చేతిలో పెట్టుకుని కూర్చుంటే మాటలు కూడా విప్పుకుంటాయి. మేం ఇంట్లో ఘడీ అంటాం, బజార్లో గడియారం అంటాం. రెండూ ఘటిక అనే ఒకే తల్లి బిడ్డలు. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. ఈ లెక్క ఇక్కడిదే. జేబు మాత్రం మా వైపు నుంచి తెలుగులోకి వచ్చింది. 'జేబు గడియారం' అన్నప్పుడు ఉర్దూ జేబులో తెలుగు గడియారం ఉన్నట్టే. వారసుడు అనే మాట కూడా వారిస్ నుంచి వచ్చిందే. హక్కు, జిల్లా, తాలూకా, వకీలు, జమ, ఖర్చు, బాకీ, వసూలు - ఇవన్నీ తెలుగువాడి నోట్లో ఎంత సొంతమయ్యాయంటే వీటిని ఎవరూ పరాయివనరు. మాటలు సొంతమయ్యాయి. మాటలు తెచ్చిన మనుషులు మాత్రం ఇంకా "ఎక్కడినుంచో వచ్చినోళ్లు"గానే ఉన్నారు.

తారీఖు అనే మాట చూడండి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. తెలుగులోకి తేదీ ఒక్కటే వచ్చింది, చరిత్ర రాలేదు. మా దాదా ఆ గడియారం చూసి కాగితాల మీద వేసిన తారీఖులు ఫసలీవి. ఆజూర్, దై, బహమన్ అని నెలలు. అక్టోబరు మొదట్లో ఆజూర్‌తో సంవత్సరం మొదలయ్యేది. సర్కారు లెక్కలో 1948 సెప్టెంబరు అంటే 1357 ఫసలీ చివరి నెల. ఆ రాజ్యంతోపాటు ఆ నెలల పేర్లూ జనం నోళ్లలోంచి పోయాయి. పోయినా పూర్తిగా పోలేదు. ఇవాళ కూడా ఈ జిల్లాల్లో భూమి తగాదా వస్తే పాత సేత్వార్ నఖలు తీసుకుని, దాన్ని చదివిపెట్టే ఉర్దూ మనిషి కోసం ఊరూరా తిరుగుతారు. రెడ్డిగారి పట్టా నిలబెట్టడానికి మా దాదాలాంటి అహల్‌కార్ రాసిన అక్షరమే కావాలి. ఆ అహల్‌కార్ ఏమయ్యాడని మాత్రం ఎవరూ అడగరు.

ఏమయ్యాడో చెప్తాం.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం సూర్యాపేట దారిన నల్లగొండ జిల్లాలోకి దిగింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకు ముందటి నెలల్లో రజాకార్లు చేసినవి చిన్న నేరాలు కావు. ఆగస్టు 22న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదులో చంపారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని నిలబెట్టి కాల్చారు. షోయబుల్లాఖాన్ ముస్లిమేనని గుర్తుచేసి తప్పించుకోవాలని మేం అనుకోవడం లేదు. బైరాన్‌పల్లి మృతులకు మేమూ తలవంచుతాం. అడిగేది ఒక్కటే. ఆ లెక్క చెప్పేవాళ్లు సెప్టెంబరు తర్వాతి లెక్క ఎందుకు చెప్పరు?

ఆ లెక్క రాసినవాళ్లున్నారు. భారత ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా రాజ్యంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటిలో తిరిగారు. పోలీస్ చర్య సమయంలోనూ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాశారు. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. నల్లగొండ, మెదక్, ఔరంగాబాద్, బీడ్ - ఈ నాలుగింటిలో కలిపి కనీసం ఐదు వేలు. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. 65 ఏళ్ల తర్వాత 2013లో గానీ అది జనం చదవడానికి అందుబాటులోకి రాలేదు. అప్పటిదాకా మా ఇళ్లలో "పోలీస్ యాక్షన్" అనేది గొంతు తగ్గించి చెప్పుకునే మాట. బయట చెప్తే నమ్మేవాళ్లు లేరు.

అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. కొన్నిచోట్ల హిందువులు పొరుగు ముస్లింలను కాపాడారనీ, ముఖ్యంగా ఒకే వృత్తివాళ్ల మధ్య ఆ బంధం గట్టిగా ఉందనీ, హిందూ నేతవాళ్లు ముస్లిం నేతవాళ్ల పక్కన నిలబడి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ రాశారు. ఈ మాట చదివినప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

దాదా రజాకారు కాడు. కాడని ముఖం మీద రాసి ఉండదు. కనబడేవి గడ్డం, టోపీ, షేర్వాణీ. జేబుకు వేలాడే గొలుసు చూస్తే సర్కారు మనిషని ఇట్టే పోలుస్తారు. దాదా గొలుసు ఊడదీసి బావిలో వేశాడు. గడియారం వేయడానికి చెయ్యి రాలేదు. వెనక వీధిలో పద్మశాలి ఇల్లుండేది. ఆ ఇంటాయన దాదాను, దాదీని, పిల్లల్ని నాలుగు రాత్రులు తన ఇంట్లో పెట్టుకున్నాడు. గడియారాన్ని గుడ్డలో చుట్టి మగ్గం గుంటలో దాచాడు. పగలు దాని మీదే కూర్చుని నేశాడు. ఐదో రోజు మనుషులనూ గడియారాన్నీ కలిపి అప్పజెప్పాడు.

ప్రాణం మిగిలింది, నౌకరీ మిగల్లేదు. కొన్ని నెలలకు దాదాకు ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇంకొకరితో చదివించుకుంటే పని పోయిందని తెలిసింది. మా దాదా ఒక్కడికే కాదు, ఎందరికో అట్లానే పోయాయి. ఉర్దూలో లెక్క రాసే మనిషికి ఉర్దూ పోయాక ఏం పని? ఆ తర్వాత ఆయన బీడీలు చుట్టాడు, పిల్లలకు అలీఫ్ బే చెప్పాడు.

ఇంకో సంగతీ చెప్పకపోతే మా జిల్లాకు అన్యాయం చేసినట్టే. 1952లో ఇదే నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ జనం మఖ్దూం మొహియుద్దీన్‌ను అసెంబ్లీకి గెలిపించి పంపారు. నాలుగేళ్లే గడిచాయి. ఆ జనం మనిషిని పేరు చూసి కాదు, పక్షం చూసి ఎంచుకున్నారు. ఆ ఎన్నికల్లో దాదా ఎవరికి ఓటేశాడో మాకు చెప్పలేదు. గడియారం మాత్రం ఓటు రోజున జేబులో పెట్టుకుపోయాడట.

ఆ తర్వాతి గడియారం చరిత్ర అంతా కుదువ చరిత్ర. ఇంట్లో జొన్నలు లేకపోతే గడియారం సేటు దగ్గరికి పోయేది. అబ్బాకు టీచరు ట్రైనింగు ఫీజు కట్టాలంటే పోయేది. మళ్లీ వచ్చేది. ఎన్నిసార్లు పోయినా తెచ్చుకున్నారు. ఆడవాళ్ల ఒంటి మీది వెండి అట్లా పోయి మళ్లీ రాలేదు. ఈ తేడాను మేం చాలా ఆలస్యంగా చూశాం.

అన్నిటికంటే పెద్ద కుదువ ఫుప్పు పెళ్లికి పెట్టింది. సంబంధం పాలమూరు జిల్లా కల్వకుర్తి వైపు. జోడే కీ రఖం మాట్లాడుకున్నారు. అది చాలక పెళ్లికొడుకు చేతి గడియారం అడిగాడు. ఆ రోజుల్లో హిందువుల్లో, ముస్లింలలో కులం తేడా లేకుండా అల్లుళ్లు అడిగేవి మూడు: గడియారం, సైకిలు, రేడియో. అల్లుడి చేతి గడియారం కొనడానికి దాదా జేబు గడియారం సేటు పెట్టెలోకి పోయింది. దాన్ని తర్వాత అబ్బా విడిపించాడు. విడిపించిన చేతిలోనే అది ఉండిపోయింది. దాదా పోయినప్పుడు ఫుప్పు వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే జవాబు తయారుగా ఉంది: "నీ వాటా నీ పెళ్లిలోనే అయిపోయింది."

అయిపోతుందా? పెళ్లి ఖర్చుకూ వారసత్వానికీ షరియత్‌లో సంబంధం లేదు. కొడుక్కు రెండు భాగాలు, బిడ్డకు ఒక భాగమని ఖురాన్ నిసా అధ్యాయం చెప్పింది. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా ఆడవాళ్లకు భాగం ఉందనీ అక్కడే చెప్పింది. కొంచెం అంటే ఎంత? ఒక నికెల్ గడియారం కొంచెం కాదా? దాదాకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. లెక్క ప్రకారం ఐదు భాగాలు. అబ్బాకు రెండు, చచాకు రెండు, ఫుప్పుకు ఒకటి. దాదా గడియారం ఎన్నడూ పంపకం కాలేదు. కానప్పుడు అది మా నలుగురిది ఎట్లా అవుతుంది? మేం ఏం చేయాలని కొట్లాడుకుంటున్నామో ఆ వస్తువులో ఐదింట మూడు భాగాలు మావి కానేకావు.

1985లో షాబానో తీర్పు నాటి నుంచి 2019 తలాక్ చట్టం దాకా మా ఆడవాళ్ల హక్కుల గురించి అందరూ మాకు పాఠాలు చెప్తూనే ఉన్నారు. గుజరాత్‌లో 2002లో మా ఆడవాళ్లకు ఏం జరిగిందో చూసినవాళ్లకు ఆ పాఠాల రుచి తెలుసు. అయినా ఒక మాట మాలో మేం చెప్పుకోవాలి. పాఠం చెప్పేవాడు చెడ్డవాడైనంత మాత్రాన ఇంట్లోని అప్పు తీరిపోదు. షరియత్‌లో వేలు పెట్టొద్దని రోడ్డెక్కే మగవాళ్లం ఆ షరియత్ ఆడవాళ్లకు రాసిచ్చిన భాగాన్ని ఎన్ని ఇళ్లలో ఇచ్చాం?

ఇక ముందున్న దారులు ఒక్కొక్కటే చూశాం.

అమ్మడం. హైదరాబాదు జుమేరాత్ బజారులో పాత సామాను కొనేవాళ్లున్నారు. అమ్ముదామన్నవాళ్లను మేం తప్పుపట్టం. పిల్లల ఫీజులకు డబ్బు కావాలి. కానీ అడిగి చూస్తే వచ్చేది చాలా తక్కువ. కొన్నవాడు దాన్ని ఏమని అమ్ముతాడు? "నిజాం కాలపు నవాబు గడియారం" అనే అమ్ముతాడు. మా దాదా చెమట మళ్లీ నవాబు ఖాతాలో జమ అవుతుంది.

మ్యూజియం. హైదరాబాదులో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చి 2న పెళ్లి, సంతానం లేకుండా చనిపోయాడు. వదిలిపోయిన వస్తువులు లెక్కకు మించినవి. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే వాటిని మ్యూజియంగా నెహ్రూ ప్రారంభించాడు. వారసులమన్న బంధువులంతా చివరికి 1958 డిసెంబరులో హైకోర్టు ద్వారా రాజీకి వచ్చి మొత్తాన్నీ భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. అక్కడ గడియారాలకు ఒక గదే ఉంది. కలకత్తా కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారంలోంచి గంట గంటకూ గడ్డపు బొమ్మ వచ్చి గంట కొడుతుంటే జనం కూర్చుని చూస్తారు. మేమూ చూశాం. ఆ వారసులు చేసింది మంచిపనే. ముక్కలు కాకుండా అందరిదీ అయింది. కానీ ఆ గదుల్లో జాగీరు పన్ను కట్టిన రైతు వస్తువు ఎక్కడుంది? లెక్క రాసిన అహల్‌కార్ కలం ఎక్కడుంది? మా గడియారం ఆ అద్దాల వెనక్కు పోతే అది కూడా నవాబు సామానైపోతుంది. రేపు నల్లగొండలోనో పాలమూరులోనో మామూలు జనం వస్తువుల మ్యూజియం ఒకటి పెడితే ఆ రోజు మళ్లీ ఆలోచిస్తాం.

మసీదు. కదిలే వస్తువును కూడా వక్ఫ్ చేయొచ్చు. 1995 చట్టమూ ఆ మాటే అంది. కానీ అల్లా పేరున ఇచ్చింది మళ్లీ మనది కాదు. మనది కాని ఫుప్పు భాగాన్ని, చచా భాగాన్ని మనం ఎట్లా ఇస్తాం? ఎదుటివాళ్ల హక్కు ఎగ్గొట్టి చేసిన దానం దానమేనా?

పెద్దోడి ఇల్లు. ఇన్నాళ్లూ జరిగింది అదే. దాని ఫలితమే పైన రాశాం.

ఫిఖ్హ్ పుస్తకాల్లో ఇలాంటి చిక్కుకు దారి ఉంది. పగలగొడితే పనికిరాకుండా పోయే వస్తువును పగలగొట్టి పంచరు. ఒక వారసుడు తన భాగానికి బదులేదైనా తీసుకుని తప్పుకోవచ్చు, దాన్ని తఖారుజ్ అంటారు. లేదా అందరూ వంతులవారీగా వాడుకోవచ్చు, దాన్ని ముహాయా అంటారు. వాగు నీళ్లకు, చేదబావికి మన ఊళ్లలో వంతులున్నట్టే. పేరు అరబ్బీది, పద్ధతి మన పొలాలకు తెలిసిందే.

దేవరకొండ, కల్వకుర్తి బస్సెక్కి ఫుప్పు ఇంటికి పోయాం. హైదరాబాదు నుంచి చచా పిల్లలు వచ్చారు. ముందు లెక్క చెప్పుకున్నాం: రెండు, రెండు, ఒకటి. అది హక్కు. హక్కు ఒప్పుకున్నాక మనస్ఫూర్తిగా ఎక్కువ ఇచ్చుకోవడాన్ని ఏ షరియతూ ఆపదు. కాబట్టి మూడిళ్లకూ సమానంగా ఏడాదికొక ఇల్లు. మొదటి వంతు ఫుప్పుది. ఆమె అన్నది ఒకే మాట: "గడియారం ఇస్తున్నరు సరే. నా పెండ్లికి ఇది కుదువ పోయిందని అందరికీ తెల్వాలె. నేనే తిన్నట్టు చెప్పుకున్నరు ఇన్నేండ్లు."

ఆ మాటతోనే మిగతాదీ తేలింది. గడియారంతో పాటు ఒక కాగితం ఉండాలి. ఇది ఎవరు కొన్నారు, ఏ నౌకరీ చేసి కొన్నారు, ఎవరు దాచారు, ఎన్నిసార్లు కుదువ పోయింది, ఎవరి పెళ్లికి పోయింది, ఎవరి వాటా ఇన్నాళ్లు ఇవ్వలేదు - అన్నీ రాసి ఉండాలి. తెలుగులో, ఉర్దూలో రెండింటిలోనూ. మా పిల్లలకు ఉర్దూ రాదు, ఫుప్పుకు తెలుగు చదవరాదు. కాగితం రెండు చేతులతో రాశాం. అందులో 1948 ఉంది. బైరాన్‌పల్లి పేరూ ఉంది, సుందర్‌లాల్ లెక్కా ఉంది.

మగ్గం గుంటలో దాచిన ఇంటివాళ్లనూ అడిగాం. ఆ ఇంటి మనవళ్లు ఇప్పుడు మగ్గం మీద లేరు. ఒకరు సూరత్ పవర్‌లూమ్‌లో, ఒకరు భివండిలో. మీ తాత లేకపోతే ఇది లేదు, మీకూ ఒక వంతు ఉందన్నాం. వాళ్లు వద్దన్నారు. కాగితంలో తాత పేరు రాస్తే చాలన్నారు. రాశాం.

నడిపించాలా, ఆగినదాన్ని ఆగినట్టే ఉంచాలా అని కూడా చర్చ వచ్చింది. నల్లగొండలో ముసలి మెకానిక్ ఒకాయన విప్పి కడిగి నూనె వేశాడు. నడుస్తోంది. రోజుకు కొంచెం వెనకబడుతుంది. ఎవరి వంతులో ఉంటే వాళ్లు రోజూ చావి ఇవ్వాలని, కాగితాన్ని ఏడాదికొకసారి ఇంట్లో అందరి ముందు చదవాలని షరతు పెట్టుకున్నాం.

ఆ చదివే రోజు ఏదనే దగ్గర సెప్టెంబరు 17 అని ఎవరో అన్నారు. ఆ తేదీని ఒకరు విమోచనమంటారు, ఒకరు విలీనమంటారు, ఒకరు విద్రోహమంటారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది. 2024లో కేంద్రం ఏటా విమోచన దినమేనంది. అదే ఏడు మారిన రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినమంది. అదే ఏడు 'రజాకార్' సినిమా కూడా వచ్చింది. ఒక్క తారీఖుకు ఇన్ని పేర్లు పెట్టేవాళ్లలో ఎవరూ ఆ తర్వాతి వారాల సంగతి మమ్మల్ని అడగలేదు. కాబట్టి వాళ్ల తారీఖు మాకొద్దనుకున్నాం. గడియారం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే రోజే చదువుకునే రోజు.

ఈ వ్యాసం చదివే ముస్లిం సోదరులకు, సోదరీమణులకు మేం చెప్పేది ఇంతే. మీ ఇంట్లోనూ ఒక పాన్‌దానో, అత్తరు పెట్టెనో, సేత్వార్ నఖలో, పాత నిఖానామానో ఉంటుంది. దాన్ని అమ్మే ముందు, దాచే ముందు, దాని పక్కన ఒక కాగితం రాసిపెట్టండి. ఏ పని చేసి సంపాదించారో రాయండి. ఇంట్లో ఆడవాళ్లను ముందు అడగండి, వాళ్లకు గుర్తున్నది మగవాళ్లకు గుర్తుండదు. ముస్లిమేతర మిత్రులకు చెప్పేది ఇంకా చిన్నది. ఈసారి మా ఇంట్లో పాత వస్తువు కనబడితే నవాబులా అని అడగకండి. మీ తాత ఏం పని చేసేవాడని అడగండి. మీ తాత పనీ చెప్పండి. ఇద్దరి తాతలూ ఒకే గడీ ముందు నిలబడి ఉండొచ్చు.